మీటరు ముట్టుకోనివ్వండి
(ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి సంవత్సరం, మన హాస్టల్ పూర్వ విద్యార్థి)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు ఫోను చేసినప్పుడు మొదట 'విద్య - వికాసం' అనో, 'యువత - కర్తవ్యం' అనో రాద్దామనుకున్నాం. పాత సంచికలు తీసి చూస్తే మేం ఇంటర్లో ఉండగా రాసినవీ అవే. చదివినవాళ్ళు ఎవరూ గుర్తున్నట్టు చెప్పలేదు, రాసిన మాకే గుర్తు లేదు. అందుకని ఈసారి ఒక పాత కారు గురించి రాస్తున్నాం. హాస్టల్ పుస్తకంలో కారు గోలేమిటని విసుక్కోకుండా కాస్త ఓపిక పట్టండి.

మేమంటే నాలుగో నంబరు గదిలో ఒకే ట్రంకుపెట్టె మీద ముగ్గురం కూర్చుని చదువుకున్నవాళ్ళం. ముగ్గురి ఇళ్ళల్లోనూ డిగ్రీ చేతికొచ్చిన మొదటి మనిషి మేమే. ఇద్దరం ఫిజిక్స్, ఒకడు కామర్స్. ఇద్దరు ఫిజిక్స్ వాళ్ళున్నారన్న సంగతి గుర్తుంచుకోండి, మా పరువు పోయింది అక్కడే.

మాలో ఒకడి అన్న ఏడో తరగతితో చదువు మానేసి, మిరపకోతలకూ పొగాకు బ్యారన్ల పనికీ పోయి, డ్రైవింగు నేర్చుకుని, ఫైనాన్సు మీద ఒక పాత డీజిల్ కారు కొన్నాడు. మన పేటలో అదే మొదటి కారు. పెళ్ళిళ్ళకీ, ఒంగోలు ఆసుపత్రులకీ, టంగుటూరు పొగాకు వేలానికీ బాడుగలు తిప్పుతూ కంతులు కట్టుకుంటున్నాడు. ఒకరోజు తెల్లవారుజామున కారు సెల్ఫు తీసుకోలేదు. మూలుగుతుందే గాని ఇంజను తిరగదు. నలుగురు కలిసి తోస్తే స్టార్టయింది. ఆ రోజు నుంచి రెండు నెలలు అదే వరస.

ఒక షెడ్డులో బ్యాటరీ పోయిందన్నారు. కొత్తది వేస్తే అయిదున్నర వేలు. నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలు. ఇంకో షెడ్డులో డైనమో సరిగ్గా చార్జింగు ఇవ్వటం లేదని విప్పి బాగుచేశారు, నాలుగు వేలు. మూడోచోట సెల్ఫు మోటారు దించి బుష్షులూ కార్బన్లూ మార్చారు, మూడున్నర వేలు. మొత్తం పదమూడు వేలు. మధ్యలో పోయిన బాడుగల లెక్క వేరు. పురుళ్ళ కేసు ఒకటి తెల్లవారుజామున రమ్మంటే, కారు కదలక, ఆటోలో తీసుకెళ్ళారు. తల్లీబిడ్డా క్షేమమే గాని, 'వాడి కారు నమ్ముకుంటే అంతే' అనే మాట పేటలో పడిపోయింది. కంతు ఒకటి తప్పింది. ఫైనాన్సు వాళ్ళ మనిషి ఇంటికొచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

మేం సెలవులకు పోయినప్పుడు నాయన అన్నాడు: 'కరెంటు చదువే కదరా మీరు చదివేది, చూడండి.' మేం బానెట్ ఎత్తాం. కిర్చాఫ్ నియమాలు నోటికి వచ్చు. మాక్స్‌వెల్ సమీకరణాలు కళ్ళు మూసుకుని రాస్తాం. ఎర్రవైరు ఏదో నల్లవైరు ఏదో చూసి బానెట్ దించేశాం. నాయన ఏమీ అనలేదు. ఏమన్నా అనుంటే బాగుండేది.

చివరికి కారు బాగుచేసింది మన హాస్టల్ వాడే. మా బ్యాచ్. పదో తరగతి లెక్కల్లో పోయి, మళ్ళీ కట్టకుండా షెడ్డులో చేరాడు. పేరు రాయొద్దన్నాడు, రాయటం లేదు. ఇన్నేళ్ళలో వాడి షెడ్డు ముందు నుంచే బస్సెక్కి యూనివర్సిటీకి పోయేవాళ్ళం. ఒకటి రెండుసార్లు చూసీ చూడనట్టు పోయామని కూడా ఒప్పుకోవాలి. గ్రీజు చేతులతో వాడు పలకరిస్తే ఏం మాట్లాడాలో మాకు తోచేది కాదు. వాడికి కారు చూపించమని చెప్పింది కూడా అన్నే, మేం కాదు.

వాడు చేసిన పని వరసగా చెబుతాం, ఎందుకంటే మా వాదనంతా అందులోనే ఉంది. వాడు వెంటనే పానా పట్టుకోలేదు. టీ చెప్పి, ప్రశ్నలు అడిగాడు. ఈ జబ్బు ఎప్పటినుంచి? దానికి ముందు బండికి ఏం పని చేయించావు? అన్న ఆలోచించి, అంతకు పదిరోజుల ముందు క్లచ్చి ప్లేటు మార్పించానన్నాడు. 'గేరుబాక్సు దించారన్నమాట' అన్నాడు వాడు. ఇంకేమైనా వింతగా అనిపించిందా అని అడిగితే, అన్న సందేహిస్తూ, సెల్ఫు నాలుగైదుసార్లు కొట్టాక యాక్సిలరేటర్ కేబులు వేడెక్కుతోందన్నాడు. ఈ మాట ముందు షెడ్డులో చెబితే నవ్వారట. వీడు నవ్వలేదు. అక్కడే వాడికి సగం తెలిసిపోయిందని తర్వాత చెప్పాడు.

అప్పుడు మూడొందల రూపాయల మీటరు తీశాడు. బ్యాటరీ మీద పెడితే 12.5 వోల్టులు. నిండుగా చార్జయి ఊరికే ఉన్న బ్యాటరీ 12.6 దాకా చూపాలి, కాబట్టి బ్యాటరీకి జబ్బులేదు. అన్నను సెల్ఫు కొట్టమని, అదే చోట చూశాడు. 11. మామూలుగా సెల్ఫు తిరిగేటప్పుడు ఇది పదికి అటూ ఇటూ పడుతుంది. ఇక్కడ అంత పడలేదంటే బ్యాటరీ ఇవ్వగలిగింది మోటారు తీసుకోవటం లేదు. అంటే దారిలో ఎక్కడో అడ్డం ఉంది. తర్వాత చేసిన పని మమ్మల్ని నిలబెట్టేసింది. మీటరు నల్లకొన బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్రకొన ఇంజను దిమ్మె మీద పెట్టాడు. రెండూ ఎర్తే కదా, సున్నా రావాలి. ఊరికే ఉన్నప్పుడు సున్నాయే వచ్చింది. సెల్ఫు కొట్టగానే 3 వోల్టులు!

ఇంజను నుంచి బ్యాటరీకి తిరిగొచ్చే దారిలో మూడు వోల్టులు మింగేస్తోంది. మోటారుకు మిగిలేది ఎనిమిదే. ఒక జంపర్ కేబులు తెచ్చి ఒక కొన నెగటివ్ మీద, ఇంకో కొన ఇంజను మీద పెట్టి కొట్టమన్నాడు. ఒక్క దెబ్బకు స్టార్టయింది. కిందికి దూరి చూస్తే, క్లచ్చి పని చేసినవాళ్ళు గేరుబాక్సుకు బిగించే ఎర్తు పట్టాను తుప్పూ మట్టీ తుడవకుండానే వదులుగా బిగించారు. గరుకు కాగితంతో రుద్ది, కొత్త వాసరు వేసి బిగించి, పైన వ్యాజలిన్ పూశాడు. మళ్ళీ మీటరు పెడితే 0.1. రెండొందలు తీసుకున్నాడు. అదీ అన్న బలవంతం మీద.

ఇప్పుడు ఫిజిక్స్ వాళ్ళం ఆ రాత్రి కూర్చుని వేసిన లెక్క వినండి. సెల్ఫు మోటారు సుమారు 150 ఆంపియర్లు లాగుతుంది. 3 వోల్టులను 150తో భాగిస్తే 0.02 ఓములు. ఓములో యాభయ్యో వంతు! ముందు షెడ్డువాళ్ళు ఎర్తు చూడలేదని కాదు, చూశారు. మీటరును బజరు మీద పెట్టి, బీప్ అనగానే ఎర్తు బాగుందన్నారు. కాని మామూలు మీటరు రెండు కొనలూ ఒకదానికొకటి ఆనించినా 0.2, 0.3 ఓములు చూపిస్తుంది. దానికి 0.02 కనబడదు. ఒకే ఒక్క పోగు మిగిలిన తెగిపోయిన కేబులు కూడా బీప్ అంటుంది, టెస్టు లైటును వెలిగిస్తుంది. దానిమీద నూటయాభై ఆంపియర్లు పోవాల్సి వచ్చినప్పుడే దాని బండారం బయటపడుతుంది. అందుకే బరువు మోస్తుండగా చూడాలంటాడు వాడు. దీన్ని వోల్టేజి డ్రాప్ పరీక్ష అంటారని మేం చెబితే, 'పేరుందా దీనికి?' అన్నాడు.

డైనమోను ఎందుకు అనుమానించారో కూడా ఈ లెక్కలోనే తేలింది. డైనమో కూడా ఇంజను మీదే ఉంటుంది, దాని కరెంటు తిరిగే దారీ ఆ పట్టాయే. 30 ఆంపియర్లు పోతే 0.02 ఓముల దగ్గర 0.6 వోల్టు తగ్గుతుంది. బ్యాటరీ దగ్గర 14.2 ఉండాల్సింది 13.6 కనబడుతుంది. చార్జింగు తక్కువని డైనమో విప్పారు. కేబులు వేడెక్కటం కూడా అంతే: పట్టా దారి ఇరుకైతే, కరెంటు యాక్సిలరేటర్ కేబులు లోపలి ఉక్కుతీగ గుండా బాడీలోకి దారి చేసుకుంది. మూడు షెడ్డులవాళ్ళు మూడు లక్షణాలు చూసి మూడు సామాన్లు మార్చారు. ముగ్గురూ మోసగాళ్ళేమీ కాదు. జబ్బు వెతకటం తెలియనిచోట సామాను మార్చటమే వైద్యం అవుతుంది. ఆ వైద్యానికి డబ్బులు కట్టేది మన అన్నలు.

వి ఈజ్ ఈక్వల్ టు ఐ ఆర్. పదో తరగతిలో రెండు మార్కుల ప్రశ్న. మాకు రెండుకు రెండు, వాడికి సున్నా. వాడు ఆ సూత్రాన్ని బోల్టు కింద చూస్తున్నాడు, మేం జవాబు పత్రం మీద తప్ప ఇంకెక్కడా చూడలేదు. ఎందుకిలా జరిగింది?

మాకు తెలిసిన కారణం ఒకటుంది. మేం చదివిన బడిలో సైన్సు ల్యాబు ఉండేది. గాజు అల్మారాలో గాల్వనోమీటరు, అమ్మీటరు, నిరోధాల పెట్టె. అల్మారాకు తాళం. ఇనస్పెక్షన్ రోజున తాళం తీసి, మన హాస్టల్ పిల్లల చేతనే దుమ్ము తుడిపించి, మళ్ళీ వేసేవారు. తుడిచేటప్పుడు ఒకడు మీటరు ముల్లు కదిలించబోతే 'ముట్టుకోవద్దు' అని కేక. ఆ సారు చెడ్డవారు కాదు, పగిలితే తన జీతంలో కోస్తారని ఆయన భయం. కాని 'ముట్టుకోవద్దు' అనే మాట మన ఇళ్ళకు కొత్తది కాదు కదా. మా తాతలు బావి దగ్గర విన్నారు, మేం అల్మారా దగ్గర విన్నాం. ఫ్యాను పాడైతే మాత్రం హాస్టల్ పిల్లల్నే నిచ్చెన ఎక్కమనేవారు. పని ముట్టుకోవచ్చు, పరికరం ముట్టుకోకూడదు.

ఆ తాళం వెనక ఉన్న సూత్రం కనిపెట్టిన గియోర్గ్ సైమన్ ఓమ్ ఎవరనుకున్నారు? జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్ళో తాళాలు చేసే పనివాడి కొడుకు, 1789లో పుట్టాడు. తండ్రి బడికి పోయి పెద్దగా చదవకపోయినా సొంతంగా లెక్కలూ శాస్త్రమూ నేర్చుకుని పిల్లలకు తనే చెప్పాడు. ఓమ్ కొలోన్‌లో బడిపంతులుగా ఉంటూ, పరికరాలు తన చేతులతోనే చేసుకుని, అప్పటి బ్యాటరీలు నిలకడగా లేవని వేరే పద్ధతి వెతికి మరీ కొలతలు తీశాడు. 1827లో పుస్తకం వేశాడు. ఇవేవీ మన పాఠంలో లేవు. బొమ్మా, సూత్రమూ, రెండు మార్కులూ ఉన్నాయి. తాళాలవాడి కొడుకు సూత్రానికే తాళం వేశామని మా కామర్స్ వాడు జోకు వేశాడు. వాడికి ఈమధ్య జోకులు ఎక్కువయ్యాయి.

ఇంకో మాట. మన హాస్టల్ ముందు బాబాసాహెబ్ విగ్రహం చేతిలో రాజ్యాంగం ఉంటుంది, ఉండాల్సిందే. కాని 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడిగా ఉన్నప్పుడు నీటిపారుదల, విద్యుత్తు ప్రణాళికలు కూడా ఆయన చేతుల మీదుగా నడిచాయని మనలో ఎందరికి తెలుసు? కరెంటు ఎవరి ఇంటికి ముందు రావాలన్నది ఆయనకు చిన్న విషయం కాదు.

ఇక్కడ మాకు ఎదురయ్యే ప్రశ్న మాకు తెలుసు. ఈ వ్యాసం మొదటి ప్రతి చదివిన ఒక సీనియర్ అన్న కోపంగానే అడిగారు: 'మళ్ళీ మన పిల్లల్ని చేతిపనులకే తోస్తారా? తరతరాలుగా చేసింది చాలదా? కార్పొరేట్ కాలేజీ పిల్లలకు ఎవరైనా పానా పట్టుకోమని చెబుతున్నారా?' ఈ కోపం న్యాయమైనదే. మా నాయనలు మమ్మల్ని హాస్టల్లో వేసింది చేతికి మట్టీ గ్రీజూ అంటకూడదనే. హాస్టల్ పిల్లలంటే ఐటీఐకి పంపి చేతులు దులుపుకునే వాళ్ళను మేమూ చూశాం. వాళ్ళతో మాకు ఏకీభావం లేదు.

మేం అడిగేది వేరు. మన పిల్లలందర్నీ మెకానిక్కులు కమ్మని కాదు. ఇంజనీరు కాబోయేవాడికీ, గ్రూప్స్ రాసే చెల్లెలికీ, బీయీడీ చేసే తమ్ముడికీ మీటరు పట్టుకోవటం రావాలి. మనకు తలపని, మన తోటివాడికి చేతిపని అని విడగొట్టుకుని, మధ్యలో మాటల్లేకుండా బతకటం ఎవరు నేర్పిన విద్య? ఆ విభజనను బాబాసాహెబ్ 1936లోనే కడిగేశారు. దాన్ని మనం హాస్టల్ గదుల మధ్య మళ్ళీ కట్టుకున్నాం. పది పాసయినవాళ్ళం ఒక బస్సెక్కాం, ఫెయిలైనవాడు షెడ్డులో చేరాడు, వార్షికోత్సవానికి వాడికి పిలుపు కూడా పోలేదు. పూర్వ విద్యార్థుల జాబితాలో వాడి పేరు లేదు, మేం చూశాం.

అలాగని వాణ్ణి దేవుణ్ణి చేయటం కూడా మాకిష్టం లేదు. వాడే చెప్పాడు: రెండేళ్ళ క్రితం ఒక కొత్త కారుకు అలవాటు కొద్దీ టెస్టు లైటు పెట్టి సెన్సారు వైరు పొడిచాడు. ఆ బల్బు లాగే కరెంటును తట్టుకోలేక కారు కంప్యూటరు కాలిపోయింది. మేస్త్రీ నెలలకొద్దీ వాడి జీతంలో కోసుకున్నాడు. డిజిటల్ మీటరుకు లోపలి నిరోధం కోటి ఓములుంటుందని, అది కరెంటు దాదాపు లాగదని, అందుకే అలాంటిచోట బల్బు కాక మీటరే పెట్టాలని వాడికి అప్పుడెవరూ చెప్పలేదు. అది మాకు తెలుసు. మేం వాడితో మాట్లాడటం లేదు కదా!

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చే బండ్లన్నీ బీఎస్-6. స్కానర్ పెడితే కోడు చూపుతుంది. మన అన్న కారు లాంటి జబ్బు కొత్త బండికి వస్తే స్కానర్ 'పి0562' అని చెప్పొచ్చు. అంటే వోల్టేజి తక్కువగా ఉందని. ఎందుకు తక్కువగా ఉందో అది చెప్పదు. కోడు చూసి డైనమో మార్చేవాడు, బీప్ విని ఎర్తు బాగుందన్నవాడు ఒకటే. వైరింగు పటాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. 30, 87, 85, 86 అని రిలే కాళ్ళకు అంకెలుంటాయి. ముప్పై అంటే బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, ఎనభైఏడు బయటికి పోయేది, ఎనభైఅయిదూ ఎనభైఆరూ చుట్టకు. ఇది తెలుగులో నాలుగు వాక్యాలు. ఎమ్మే తెలుగు, ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసినవాళ్ళం పదిమందిమి ఉన్నాం, ఆ నాలుగు వాక్యాలు రాసిపెట్టలేమా?

హాస్టల్లో మేమూ తక్కువ తప్పులు చేయలేదు లెండి. ఫ్యూజు పోయిన ప్రతిసారీ కట్టర్లో లావు రాగితీగ చుట్టాం. షెడ్డుల్లో సిగరెట్టు పెట్టె వెండికాగితం చుట్టటమూ, నీలం 15 ఆంపియర్ల ఫ్యూజు పోతే ఆకుపచ్చ 30 పెట్టటమూ అదే తెలివి. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది. మనం అదృష్టవంతులం, మెస్సు మాత్రం ఒకసారి నల్లబడింది.

కాబట్టి మా ప్రతిపాదన. ఏటా వార్షికోత్సవానికి పూర్వ విద్యార్థులం చందాలు వేసుకుని ఫ్లెక్సీలు, శాలువాలు, మెమెంటోలు కొంటున్నాం. పోయినేడు గంధపు దండలు కూడా. ఈ ఏడు ఫ్లెక్సీలు తగ్గించి అయిదు మల్టీమీటర్లు కొందాం. పాత సామాన్ల షాపులో ఒక హెడ్‌లైటు బల్బు, రెండు రిలేలు, ఒక ఫ్యూజు పెట్టె, కాస్త వైరు దొరుకుతాయి. చెక్క పలకమీద బిగిస్తే కారు సర్క్యూటు గది గోడమీదే ఉంటుంది. ఒకరు రహస్యంగా ఒక జాయింటు వదులు చేయాలి, మిగతావాళ్ళు ఏదీ మార్చకుండా కొలతలతోనే పట్టుకోవాలి. ఆదివారం సినిమా కంటే బాగుంటుందని మా నమ్మకం, మేం ఇప్పటికే రెండుసార్లు ఆడాం. ఆడపిల్లల హాస్టల్‌కూ ఒక పలక ఇద్దాం, అడిగిన చెల్లెళ్ళు ఉన్నారు.

బ్యాటరీ దగ్గర మాత్రం జాగ్రత్త. చార్జింగులో హైడ్రోజన్ వస్తుంది, నిప్పు దగ్గరికి రానివ్వకూడదు. ఉంగరాలు, ఇనుప కడియాలు తీసేయాలి. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఎందుకో ఆలోచించి చెప్పిన జూనియర్‌కు మా తరఫున ఒక మీటరు. మీటర్లకు తాళం వేయకూడదన్నది మా ఒకే ఒక్క షరతు. పగిలితే పగిలినవి, వార్డెన్ గారి జీతంలో కోయమని మేం రాసిస్తాం.

నేర్పటానికి మా వాడు ఒప్పుకున్నాడు. నెలకో ఆదివారం వస్తానన్నాడు. వేదిక ఎక్కించి శాలువా కప్పితే రానన్నాడు. ఒక పాత బ్యాటరీ, రెండు గరుకు కాగితాలు తెచ్చిపెట్టమన్నాడు. మొన్న అన్న కారులో నుంచి తీసిన ఆ తుప్పు వాసరు మా దగ్గరే ఉంది, అదీ పట్టుకురమ్మన్నాడు.